మొదటి పీరియడ్‌లో లెక్కలు లేని బడి

1971 జూన్. గచ్చిబౌలి నుంచి నార్సింగి వైపు పోయే కంకర బాట పక్కన, గుట్టల నడుమ ఉన్న ఒక చిన్న ఊరు. ఆ ఊరి బడిలో నేను గుమాస్తాను. ఏడో తరగతి వరకే ఉన్న ప్రైవేటు బడి అది. ఊరి పెద్దలు కమిటీగా ఏర్పడి నడిపేవారు, జీతాలు సర్కారు గ్రాంటు నుంచి వచ్చేవి. నాలుగు గదులు, ఒక వరండా, ఒక ఇనుప గేటు. గంటకు బదులు వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క.

పేరుకు గుమాస్తానే అయినా బడి టైంటేబుల్ వేసే పని కూడా నాదే. టైంటేబుల్ అంటే బయటివాళ్ళకు గోడకు తగిలించిన గీతల అట్ట. వేసేవాడికి అదొక చిక్కుముడి. తరగతులు ఏడు, పంతుళ్ళు ఐదుగురు, గదులు నాలుగు. ఒకే పంతులు ఒకే వేళకు రెండు తరగతుల్లో పడితే దాన్ని క్లాష్ అంటాం. క్లాష్ లేకుండా చూడాలి. ప్రతి పంతులుకూ రోజుకొక లీజర్ పీరియడ్, అంటే పాఠం లేని విరామం, దక్కాలి. రేకుల గదిలో మధ్యాహ్నం చిన్నపిల్లలను కూర్చోబెట్టకూడదు. భోజనం చేశాక తెలుగు పంతులు గారికి కునుకు వస్తుంది కనుక ఆయనకు ఆ వేళ పద్యాలే ఇవ్వాలి, పిల్లల గొంతుకు ఆయన మేలుకుంటారు. నేను పాత పెండ్లి పత్రికలను చిన్న చదరాలుగా కత్తిరించి, ఒక్కో చదరం మీద ఒక్కో పాఠం రాసి, నేల మీద పరిచి అటూ ఇటూ జరిపేవాణ్ణి. మా ఇంట్లో వాళ్ళు దాన్ని నా పచ్చీసు ఆట అనేవాళ్ళు.

ఈ లెక్కల పిచ్చి నాకు బడిలో పట్టింది కాదు. నేను బడికి పోయి చదివింది ఏడో తరగతే. నా చిన్నతనంలో ఎనిమిది చదవాలంటే గోలకొండ దాకా పోవాలి. పోవాలనుకున్న ఏడే మా నాయన పోయాడు. ఆ తర్వాత నాకు దొరికింది ఒక పాత అంకగణితం పుస్తకం. చివర జవాబుల పేజీలు చిరిగిపోయి ఉండేవి. చేసిన లెక్క సరైందో కాదో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అదే లెక్కను ఇంకో దారిలో చేసి చూసుకునేవాణ్ణి. రెండు దారులూ ఒకచోట కలిస్తే జవాబు నమ్మేవాణ్ణి. మెట్రిక్ చాలా ఏండ్ల తర్వాత ప్రైవేటుగా కట్టి పాసయ్యాను గానీ, ఎనిమిదో తరగతి గదిలో బెంచీ మీద కూర్చోలేదన్న వెలితి అట్లాగే ఉండిపోయింది. గోలకొండ దారిలో పుస్తకాలు పట్టుకుని పోయే పిల్లలు కనబడితే ఇప్పటికీ నా అడుగు నెమ్మదిస్తుంది.

మా హెడ్మాస్టరు మూర్తి గారిది కృష్ణా జిల్లా. వచ్చి రెండేళ్ళయింది. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం, మాటకు ముందూ వెనకా ‘అండి’. ప్రేయర్ అయిన వెంటనే ఆయనే స్వయంగా పోయి గేటుకు గొళ్ళెం పెట్టేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు చిన్న ఇంటర్వెల్ దాకా బయటే.

“బడి అంటే ముందు వేళండి మల్లేశం గారూ. మిగతావన్నీ తర్వాత” అనేవారు.

ఆయన కఠినుడని ఊరివాళ్ళు అనుకునేవారు. నాకు ఒకసారి కారణం చెప్పారు. అంతకుముందు ఆయన పనిచేసిన ఒక బడిలో పిల్లలు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవాళ్ళట. పోనీలే అనుకున్నారట. కొన్నాళ్ళకు పంతుళ్ళు కూడా అట్లాగే రావడం మొదలుపెట్టారట. “చివరికి అక్కడ కట్టడం మిగిలిందండి, బడి మిగల్లేదు” అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం నాకు అర్థమైంది.

గేటు బయట మిగిలేది ఎక్కువగా గుట్ట మీది పిల్లలు. బడి వెనక గుట్ట మీద రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలుండేవి. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ పిల్లల్లో ఆరో తరగతి దాకా నెగ్గుకొచ్చింది అంజమ్మ ఒక్కతే. మూడు, నాలుగు తరగతుల్లో ఉన్న చిన్నవాళ్ళను కూడా తనే వెంటబెట్టుకుని వచ్చేది. అరచేతులు బొగ్గు నలుపు. గోడవతల చదునుబండ మీద కూర్చునేవాళ్ళు. నా బల్ల కిటికీ పక్కనే ఉండేది.

“ఏందమ్మా, ఇయ్యాల గూడ గంట ఇనరాలేదా?” అన్నాను ఒకనాడు.

“ఇనొచ్చింది సార్. గంటకేంది, ఒక్కతాన ఏలాడుతది. వచ్చేటిది మేం గద.”

నవ్వు ఆపుకున్నాను. ఆమె మెడ చాచి లోపలికి చూసింది.

“లోపట ఏం జెప్తున్రు సార్?”

“భిన్నాలు.”

“నిన్న గూడ గవ్వే అన్నరు. ఎల్లుండి గూడ గవ్వేనా?”

“అయ్యేదాక అవే.”

“అయితె నాకు తెలుగు అస్తది, సాంఘికం అస్తది, భిన్నాలు రావు” అని చేతులు దులుపుకుంది. తేలిగ్గా అన్నట్టే అంది గానీ, లోపల పంతులు బోర్డు మీద రాస్తున్న చప్పుడు వినబడినంతసేపూ ఆమె చూపు ఆ గోడ మీది నుంచి కదల్లేదు.

ఆ చూపు నాకు తెలుసు. గోలకొండ బాట వైపు నేను చూసిన చూపు అది.

మనసు తేటగా ఉండే వేళ లెక్కలు చెప్పాలని మూర్తి గారి నియమం. పై తరగతులన్నిటికీ మొదటి పీరియడ్ లెక్కలే. అందువల్ల గేటు బయట కూర్చున్న పిల్లలు రోజూ పోగొట్టుకునేది వేరే పాఠం కాదు, లెక్కలే. ఇంటికి పోయి చదరాలు మళ్ళీ పరిచాను. లెక్కలు రెండో పీరియడ్‌కు జరిపాను. మొదటి పీరియడ్‌లో డ్రాయింగు, డ్రిల్లు, తోటపని పెట్టాను. గేటు ఇంటర్వెల్‌కు కాక మొదటి పీరియడ్ చివర ఒకసారి తీయాలి, అంతే. మరునాడు మూర్తి గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

“తోటపని ఎవరు చేయిస్తారండి?”

“మీరే సార్. మీ లీజర్ ఆ పీరియడ్‌లోనే ఉంది.”

“అంటే నా లీజర్ మింగేశారన్నమాట.”

“ఇంకెవరికీ ఖాళీ కుదరలేదు సార్.”

“నాకిది ఇష్టం లేదండి” అన్నారు. “గేటు రెండుసార్లు తీస్తే మూడోసారి కూడా తీయమంటారు. ఒక్క ఏడు చూద్దాం. ఒక్క ఏడే.”

చిత్రమేమంటే, తోట ఆయనకే పట్టుకుంది. వంగ నారు ఎక్కడినుంచో తెప్పించారు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి పాదులు తవ్వించేవారు. ఆ చలికాలం మా పంతుళ్ళందరి ఇళ్ళలో వంకాయ కూరే. తెలుగు పంతులు గారు మాత్రం, “ఈ తోట బాగుంది గానీ, కనీసం ఒక వారం పూత రాలితే బాగుండు” అన్నారు.

అంజమ్మ భిన్నాలు మొదలుపెట్టింది. త్వరగా పట్టుకునేది, తొందరలో తప్పు చేసేది. భిన్నాలు కూడినప్పుడు పై అంకెలతో పాటు కింది అంకెలు కూడా కలిపేసేది. పక్కన కూర్చునేది సరళ. కమిటీ ప్రెసిడెంటు నర్సిరెడ్డి పటేల్ బిడ్డ.

“కిందియి కలపొద్దని ఎన్నిసార్లు జెప్పాలె నీకు?” అని సరళ ఒకరోజు పలక మీద కొట్టింది.

“నువ్వు పటేల్ బిడ్డవు, కిందోళ్ళను కలపనిస్తవా?” అంది అంజమ్మ.

తరగతంతా నవ్వింది. సరళ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఇద్దరి మధ్య ఇంకొకరు కూర్చోవడం నేను చూడలేదు.

ఇక్కడ పటేల్ సంగతి చెప్పాలి. ఆయన ఆశ అంతా ఎనిమిదో తరగతి మీద. ఏడు దాకా ఉన్న బడికి పై తరగతులు రావడాన్ని అప్‌గ్రేడేషన్ అంటారు. దానికి ఇన్‌స్పెక్టరు సిఫారసు కావాలి. “ఆడపిల్లను గోలకొండ దాక ఎట్ల పంపుత మల్లేశం? ఎనిమిది రాకుంటె మా సరళ చదువు ఏడుతోనే ఒడిసినట్టు” అనేవాడు. తన బిడ్డ కోసమే అడిగినా, అది ఊళ్ళో ఆడపిల్లలందరి సంగతి. ఆయన ఆశను తప్పనడానికి నాకు నోరు రాలేదు. నాకంటే ఎక్కువగా దాని విలువ తెలిసినవాడు ఆ ఊళ్ళో లేడు.

చలికాలం చివర ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. మర్యాదస్తుడు. పిల్లలను ప్రశ్నలడిగి మెచ్చుకున్నారు. పోయేముందు రెండు మాటలు చెప్పారు. ముఖ్యమైన పాఠం మొదటి పీరియడ్‌లో లేకపోవడం పద్ధతి కాదు. బడిలోకి పిల్లలు రెండు వేళల్లో రావడం అంతకంటే పద్ధతి కాదు. వచ్చే ఏడు ఒకే గంట, ఒకే ప్రవేశం, ప్రేయర్‌కు అందరూ వరసలో ఉంటేనే ఎనిమిదికి రాస్తానన్నారు.

ఆ సాయంత్రం వరండాలో కమిటీ కూర్చుంది. టైంటేబుల్ నాది కాబట్టి నన్నూ పిలిచారు.

“ఇందుల పరేషాన్ ఏముంది? జూన్ నుంచి గేటు బంద్ చెయ్యున్రి, ఎప్పటి లెక్కనే” అన్నాడు పటేల్. “నలుగురు గుట్ట మీది పిల్లల కోసం ఊరి బడి ఆపుతమా?”

మూర్తి గారు వెంటనే ఔననలేదు. అది నాకు ఆశ్చర్యం. “వాళ్ళు కూడా మన స్ట్రెంతేనండి” అన్నారు. స్ట్రెంత్ అంటే బడిలో పిల్లల సంఖ్య.

“స్ట్రెంత్ కావాల్నంటె లోపట కూసోవాలె, బండ మీద గాదు.”

“అదీ నిజమేనండి.”

ఇద్దరూ నా వైపు చూశారు. గేటు వేస్తే అంజమ్మ చదువు పోతుంది. వేయకపోతే సరళ చదువు పోతుంది. ఆ ఇద్దరిదీ ఒకే బెంచీ. చదరాలు ఎటు జరిపినా క్లాష్ వస్తూనే ఉంది. కొన్ని రోజులు గడువడిగి ఇంటికి వచ్చాను.

ఒక దారిలో జవాబు రాకపోతే ఇంకో దారిలో చేయడం నాకు అలవాటు. ఇన్నాళ్ళూ నేను జరుపుతున్నది బడి వేళలను. పిల్లల వేళ ఎక్కడ మొదలవుతుందో ఎప్పుడూ అడగలేదు. ఆదివారం గుట్ట ఎక్కాను.

అంజమ్మ తండ్రి హన్మంతు బండ మీద వరసగా చిన్న గుంతలు తొలుస్తున్నాడు. నన్ను చూసి సుత్తె పక్కన పెట్టాడు.

“బిడ్డను జర పొద్దుగాల పంపరాదే?” అన్నాను.

“పంపొద్దని నాకెందుకుంటది సార్? ఉలులకు పదును గావాలె. మాపటికి అన్ని మొద్దు వారుతయి. తెల్లారి కొలిమి కాడికి అదే తీస్కపోతది, తిత్తి గూడ అదే ఊదుతది. పదునైనంక తెచ్చి మా చేతుల పెట్టి బడికి ఉరుకుతది. మిగిలిన పోరగాండ్లు దానెంబడే.”

“మరి జర ముందుగాల పోరాదా కొలిమికి?”

“చీకటితోనే పోతది సార్. పోయి నిలబడుతది.”

ఎందుకు నిలబడుతుందో ఊళ్ళోకి దిగి కొలిమి దగ్గరికి పోతే కమ్మరి వీరాచారి చెప్పాడు. కొలిమి కాడ మొదటి వంతు రైతుల కర్రులది. పొలం దున్నే నాగలికి ఉండే ఇనుప మొన కర్రు. దాన్ని కాల్చి సాగదీయించుకుని రైతులు పొద్దున్నే పొలానికి పోతారు. వాళ్ళు పంట వచ్చినప్పుడు కమ్మరికి గింజలిచ్చేవాళ్ళు, ఊరివాళ్ళు. గుట్ట మీదివాళ్ళ వంతు ఎప్పుడూ చివరే. రైతులంతా పోయాకే ఉలులు నిప్పులోకి పోతాయి.

“మాపటికి కర్రులు తెచ్చిస్తె నువ్వు అప్పుడే కొట్టియ్యవా?” అన్నాను.

“నాకేంది సార్? పొద్దుగూకే ముంగట నాకు పనే ఉండది. ఇనుముకు పొద్దుగాల మాపు తెల్వది. తెల్సేటిది మనుషులకు.” అని, తిత్తి తోలు తడుముతూ, “మా తాత కాలం నుంచి పొద్దుగాల రైతు, ఎనక తక్కినోళ్ళు. ఇంతవరకు ఎవరు అడగలే” అన్నాడు.

కొలిమి దగ్గరి నుంచి బయలుదేరాను. దారి దొరికింది. కానీ ఆ దారి పోయేది పటేల్ ఇంటి ముందు నుంచి. కొలిమికి అందరికంటే ఎక్కువ కర్రులు వచ్చేది ఆయన ఇంటి నుంచే.

మూర్తి గారికి చెప్పాను. ఆయన చెప్పులేసుకున్నారు. ఇద్దరం పటేల్ ఇంటికి పోయాం. నేను చెప్పింది విని పటేల్ ముఖం ఎర్రబడింది.

“కొలిమి కాడ ముందెవరు ఎనకెవరు అనేటిది మా తాతలనాటి ముచ్చట. మల్లేశం, నిన్ను బడి టైంటేబుల్ ఎయ్యమంటె నువ్వు ఊరి టైంటేబుల్ ఏస్తున్నవు.”

“మాపటికి కర్రులు పంపితె పని ఆగదు పటేలా. పొద్దుగాల తయారుగ చేతిల ఉంటయి.”

“పని సంగతి గాదు. రైతులకు ఏమని జెప్పాలె? రాళ్ళోళ్ళ ఉలులు కాలేదాక మీరు ఆగున్రి అని జెప్పాల్నా?”

సరళ లోపలి నుంచి మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది. పెట్టి పోకుండా దర్వాజ పక్కన నిలబడింది.

అప్పుడు మూర్తి గారు అన్నారు, మెల్లగా: “ప్రెసిడెంటు గారూ, గేటు వేయమంటే రేపే వేస్తానండి. నాకు చేతనైన పనే అది. ఎనిమిది రావాలని మీకెంత ఉందో నాకూ అంతే ఉంది. కానీ ఒక్క మాట. గేటు వేసేది నేనే అయినా, వాళ్ళను ఆలస్యం చేసేది నేను కాదండి.”

పటేల్ ఆయన వైపు చూశాడు. తర్వాత బిడ్డ వైపు చూశాడు.

“నువ్వేంది ఈడ? లోపటికి పో.”

సరళ పోలేదు. తండ్రిని చూస్తూ అట్లాగే నిలబడింది. ఆ ఇంట్లో అది చిన్న సంగతి కాదని పటేల్ ముఖమే చెప్పింది.

“మజ్జిగ తాగున్రి” అన్నాడు చివరికి. ఔననలేదు, కాదనలేదు.

ఏప్రిల్, మే గడిచాయి. సెలవులంతా నేను రెండు టైంటేబుళ్ళు పెట్టుకుని కూర్చున్నాను, ఏది గోడ ఎక్కుతుందో తెలియకుండా. జూన్‌లో మొదటి వాన పడ్డ మరునాడు సాయంత్రం కొలిమి ముందు నుంచి పోతుంటే వీరాచారి పిలిచాడు. నిప్పు రాజేసి ఉంది. పక్కన కర్రులు వరసగా.

“ఎవరివి?”

“పటేల్‌వి. ఆయన జీతగాడు ఇప్పుడే తెచ్చి పడేసి పోయిండు. మాపటికి కొట్టి పెట్టు, పొద్దుగాల తీస్కపోత అన్నడట పటేల్. గంతే, ఇంకో మాట లేదు.” వీరాచారి నవ్వాడు. “ఇగ తక్కినోళ్ళు మాకు పొద్దుగాలనే గావాలంటె ఏం మొఖంతోని అంటరు సార్?”

అందరూ ఒక్కసారి మారలేదు. కొందరు గొణిగారు. ఒకాయన కొన్నాళ్ళు కర్రు నార్సింగికి మోసుకుపోయి కొట్టించుకున్నాడు. వానలు ముదిరేసరికి ఆయన కూడా సాయంత్రాలే రావడం మొదలుపెట్టాడు. పొద్దుటి కొలిమి గుట్ట మీదివాళ్ళకు వచ్చింది.

ఆ జూన్‌లో అంజమ్మ మొదటిసారి ప్రేయర్ వరసలో నిలబడింది. ముఖం కడుక్కుని, తల తడిపి దువ్వుకుని. చేతుల నలుపు మాత్రం పోలేదు. మూర్తి గారు గేటు వేయడానికి పోయి, గొళ్ళెం మీద చెయ్యి పెట్టి బయటికి చూశారు. చదునుబండ మీద ఎవరూ లేరు. ఆ తర్వాతే గొళ్ళెం పెట్టారు.

టైంటేబుల్ ఆయన కోరినట్టే తిరగరాశాను. మొదటి పీరియడ్ లెక్కలు, తోటపని చివరి పీరియడ్‌కు. సరళ, అంజమ్మ ఏడో తరగతి. దశాంశాలు, శాతాలు, వైశాల్యాలు. అంజమ్మ ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చి అడిగింది: “సార్, ఎనిమిదిల ఏం లెక్కలుంటయి?”

“అక్షరాలతోని చేసేటివి. బీజగణితం అంటరు.”

“అక్షరాలను ఎట్ల కూడుతరు?”

“తెలియని అంకె ఉంటుంది చూడు, దానికొక పేరు పెట్టుకుంటం. ఉన్నట్టే అనుకుని లెక్క చేస్తం. చివరికి అదేందో తెలుస్తది.”

ఆమె ఆలోచించింది. “ఉన్నట్టే అనుకోవాలె” అని తనలో తను అనుకుంటూ పోయింది. నేను బీజగణితం నేర్చుకున్నది ముప్పై దాటాక, కిరసనాయిలు దీపం ముందు, చెప్పేవాళ్ళు లేక. ఈ పిల్ల దాన్ని పగటి వెలుతురులో, బోర్డు మీద, పక్కన స్నేహితురాలితో నేర్చుకుంటుంది. ఆ ఏడంతా నేను ఆ ఒక్క దృశ్యం కోసం పనిచేశానంటే అబద్ధం కాదు.

1973 మొదట్లో ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ వచ్చారు. ఒకే గంట, నిండు వరసలు, మొదటి పీరియడ్‌లో లెక్కలు. సిఫారసు రాశారు. పరీక్షలయ్యే వేళకు ఎనిమిదో తరగతికి అనుమతి వచ్చింది. పటేల్ బడికి వచ్చి పిల్లలందరికీ బెల్లం పుట్నాలు పంచాడు. నా చేతిలో దోసెడు పోసి, “ఊరి టైంటేబుల్ పనికొచ్చింది” అన్నాడు.

సెలవులిచ్చే ముందు హన్మంతు బడికి వచ్చాడు. వెనక అంజమ్మ. టీసీ కావాలన్నాడు. టీసీ అంటే బడి మారేటప్పుడు ఇచ్చే బదిలీ పత్రం.

“ఎందుకు? ఎనిమిది ఈడ్నే వచ్చింది గద” అన్నాను.

“రాయి అయిపోయింది సార్.”

నాకు అర్థం కాలేదు. కిటికీలోంచి గుట్ట కనిపిస్తూనే ఉంది. ఎప్పుడూ ఉన్నంత ఎత్తే ఉంది.

“గుట్ట ఉంటది సార్. రాయి అయిపోయింది” అన్నాడు అతను ఓపికగా. “మంచి రాయి ఎంతవరకుండెనో అంతవరకు కొట్టినం. ఇగ మిగిలింది సుత్తె పెడితె పొడి అయ్యేటిది. మా వాళ్ళంత ఈడ నుంచి లేస్తున్రు.”

మూర్తి గారు తన గదిలోంచి వచ్చి నిలబడ్డారు. పిల్లను ఇక్కడే ఉంచమన్నారు. ఈ సంగతి తెలిసి పటేల్ కూడా తమ ఇంట్లో ఉండనిమ్మని కబురు పెట్టాడు, సరళ రెండు రోజులు అన్నం మానిందట. హన్మంతు చేతులు జోడించాడు.

“మీ దయ సార్. కానీ తిత్తి ఎవరు ఊదాలె? దాని తమ్ముడు ఇంక పసోడు.”

టీసీ నా చేత్తోనే రాశాను. మూర్తి గారు సంతకం చేసి, ఆరడానికి చాలాసేపు గాలికి పట్టుకున్నారు. అంజమ్మ దాన్ని అందుకుని నా వైపు తిరిగింది.

“సార్, ఆడ బడి ఎప్పుడు మొదలైతది?”

“ఎక్కడ?”

“మేం పొయ్యే తాన.”

“నువ్వు ఎక్కడికి పోతవో తెలిస్తె గద చెప్పేది?”

“నాకు గూడ తెల్వది సార్. అందుకే అడుగుతున్న.”

పొద్దున్నే పోయి కనుక్కోమన్నాను. తల ఊపి, తండ్రి వెనక పోయింది. గేటు దగ్గర ఆగి, చదునుబండ వైపు ఒకసారి చూసి, పోయింది.

మూసాపేట అవతల రాళ్ళు కొడుతున్నారని ఎవరో అంటే ఒక ఆదివారం సైకిల్ మీద పోయి వెతికాను. అక్కడున్నవాళ్ళు వేరే వాళ్ళు. పాలమూరు వాళ్ళు వచ్చారు గానీ ఇంకా ముందుకు పోయారన్నారు. ముందుకంటే ఎటు అంటే చెయ్యి ఊపి చూపించారు. ఆ వైపంతా గుట్టలే.

జూన్‌లో ఎనిమిదో తరగతి తెరిచారు. కొత్త గదికి కొత్త బెంచీలు. తెరిచే ముందు కొత్త టైంటేబుల్ వేసి మూర్తి గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు.

“లెక్కలు రెండో పీరియడ్‌లో ఉన్నాయేమండి?”

అప్పుడు చూసుకున్నాను. నిజమే. చదరాలు పరిచింది నేనే, కానీ అట్లా పరచాలని అనుకోలేదు. ఎనిమిదో తరగతి గడిలో లెక్కల చదరం పెట్టేటప్పుడు నా మనసులో ఉన్న సంగతి ఒకటే. అంజమ్మ వాళ్ళు ఎక్కడున్నా ఇక్కడికి దూరమే. దూరం నుంచి వచ్చేవాళ్ళు మొదటి పీరియడ్‌కు అందలేరు. ఆ మాటే చెప్పాను.

ఆయన కింది వరస దాకా వేలు పెట్టి చదివారు. ఒకచోట వేలు ఆగింది.

“నా లీజర్ మళ్ళీ మింగేశారు.”

“మారుస్తాను సార్. ఇన్‌స్పెక్టరు గారు అడుగుతారు కూడా.”

“అడిగితే నేను చెప్పుకుంటానండి” అని అట్ట నాకు తిరిగి ఇచ్చేశారు. “వంగ నారు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి.”

ఆ తర్వాత బడికి పదో తరగతి కూడా వచ్చింది. సరళ పాసై టీచరు ట్రైనింగుకు పోయింది. మూర్తి గారు వేరే బడికి పోకుండా ఇక్కడే ఉండి రిటైరయ్యారు. ప్రతి జూన్‌లో నేను టైంటేబుల్ వేస్తూనే ఉన్నాను. బడి అన్నాక వేళ ఉండాలి, ఆ మాట మూర్తి గారి దగ్గరే నేర్చుకున్నాను, ఈనాటికీ నమ్ముతాను. అయితే కొత్తగా ఈ పనికి వచ్చే కుర్ర గుమాస్తాలు అడిగితే ఇంకొకటి కూడా చెబుతాను. గంట కొట్టే వేళ రాసే ముందు, ఆ పిల్లల పొద్దు ఎవరి చేతిలో ఉందో ఒకసారి పోయి చూసి రండి. అది పంతుళ్ళ చేతిలోనూ ఉండదు, పిల్లల చేతిలోనూ ఉండదు. కొలిమి కాడ వరసలో ఉంటుంది. కొన్నిసార్లు రాతిలో ఉంటుంది. కొలిమి వరస అడిగితే మారింది, రాయిని అడిగేవాళ్ళం కాలేకపోయాం.

కొత్తగా వచ్చిన లెక్కల మాస్టరు మొన్న అడిగాడు, ఏ బడిలోనైనా మొదటి పీరియడ్ లెక్కలుంటాయి, మన బడిలో తోటపని ఉందేమిటని. మన బడి పద్ధతి అదని చెప్పాను. గేటు ఎందుకు తీసి ఉంచుతారన్నాడు.

“మొదటి పీరియడ్ అయ్యాక వేస్తాం” అన్నాను. “దూరం నుంచి వచ్చేవాళ్ళుంటారు.”

ఎవరని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. తోటలోకి పోయి పిల్లలతో పాటు నీళ్ళ కుండ అందుకున్నాడు.